హిలోలో హూలా వారం

సోమవారం

హొనొలులులో ఫ్లైట్ మారి హిలోలో దిగేసరికి వాన పడుతోంది. పెద్ద వాన కాదు, ఆగదు అంతే. హవాయి పెద్ద దీవికి తూర్పు వైపున్న ఊరు ఇది, ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల పైనే కురుస్తుందట, అంటే మన విజయవాడకి దాదాపు మూడింతలు. ఇక్కడి జనం గొడుగులు కూడా పట్టుకోవట్లేదు.

మేం వచ్చింది మెర్రీ మోనార్క్ ఫెస్టివల్ కోసం. హూలా నాట్యానికి ప్రపంచంలో ఇంతకంటే పెద్ద పోటీ లేదు, ఏటా ఈస్టర్ తర్వాతి వారం అంతా జరుగుతుంది. మా పాప చిన్నప్పట్నుంచి శాన్ హోసేలో కూచిపూడి నేర్చుకుంటోంది, దాని క్లోజ్ ఫ్రెండ్ ఒకమ్మాయి హవాయి వాళ్ళ పిల్ల, ఆ అమ్మాయి అక్కడే బే ఏరియాలో ఒక హాలావులో, అంటే హూలా నేర్పే బడిలో నేర్చుకుంటుంది. ఇద్దరూ రెండేళ్ళుగా నీ డాన్స్ నాకు చూపించు నా డాన్స్ నీకు చూపిస్తా అని ఒకళ్ళ రిసైటల్స్‌కి ఒకళ్ళు వెళ్తూ ఉన్నారు, చివరికి ఆ పిల్ల వాళ్ళ అమ్మమ్మే ఫోన్ చేసి మా ఇంట్లో ఉందురుగాని రండి అన్నారు. ఆవిడ కజిన్ మనవరాలు ఈసారి పోటీలో ఉంది.

ఆవిడని అందరూ టూటూ అంటారు, అక్కడ అమ్మమ్మనీ నాయనమ్మనీ అలాగే పిలుస్తారు. మిగతా పెద్దవాళ్ళందరూ ఆంటీ, అంకుల్. రక్త సంబంధం ఉండక్కర్లేదు, షాపులో ఆవిడైనా ఆంటీనే, ఎంత పేరున్న గురువైనా ఆంటీనే. ఈ విషయంలో మాకు అలవాటు పడటానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఎయిర్‌పోర్టులోనే మా ఇద్దరి మెడల్లో పచ్చటి టీ ఆకులతో (మన తేయాకు కాదు, టీ అనే వేరే మొక్క) మెలేసిన దండలు వేసి, బుగ్గకి బుగ్గ ఆనించి, ఆకలేస్తోందా అని అడిగారు.

రాత్రి భోజనాల దగ్గర ఈ ఫెస్టివల్ ఎలా మొదలైందో చెప్పారు. 1960లో వచ్చిన సునామీకి హిలో సముద్రపు ఒడ్డు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది, 61 మంది పోయారు. ఊరు కోలుకోవాలంటే టూరిస్టులు రావాలని అప్పటి కౌంటీ పెద్ద హెలీన్ హేల్ అనే ఆవిడ ఒక ఉత్సవం పెట్టించింది, 1964లో మొదటిది జరిగింది. అప్పట్లో అందులో, ఈ ఫెస్టివల్‌కి పేరిచ్చిన కలాకావా రాజుగారి గడ్డం పోలిక పోటీలు లాంటివి ఉండేవట. నాలుగేళ్ళకే నీరసపడిపోతుంటే డాటీ థాంప్సన్ అనే ఆవిడ తన చేతుల్లోకి తీసుకుంది, జార్జ్ నాఓపె అనే హూలా గురువు తోడయ్యాడు, 1971లో హూలా పోటీ మొదలైంది, ముందు ఆడవాళ్ళకి, 1976 నుంచి మగవాళ్ళకి కూడా. డాటీ గారి తర్వాత ఆవిడ కూతురు లువానా కవేలు నడిపిస్తున్నారు. ఒక ఊరివాళ్ళు పట్టుబట్టి నిలబెట్టుకున్న పండగ ఇది, ఈ రోజుకీ చాలా పని వాలంటీర్లదే.

మంగళవారం

పొద్దున్నే టూటూ గారి అబ్బాయి మమ్మల్ని కిలావెయా అగ్నిపర్వతానికి తీసుకెళ్ళాడు. హిలో నుంచి ముప్పై మైళ్ళు, పైకి వెళ్ళేకొద్దీ చలి, నాలుగు వేల అడుగుల ఎత్తు. దారి మొదట్లో ఒక బ్రష్ స్టాండు, పక్కనే స్ప్రే బాటిల్ ఉన్నాయి. చెప్పులకి అంటుకున్న మట్టంతా గీకి, అడుగున ఆల్కహాల్ కొట్టుకుని అప్పుడు లోపలికి వెళ్ళాలి. ఓహియా చెట్లకి ఒక ఫంగస్ పట్టుకుంది, 2014లో గుర్తించారు, ఎంత పెద్ద చెట్టైనా కొన్ని వారాల్లో ఎండిపోయి నిలబడిపోతుంది. ఈ ఓహియాకి పూసే ఎర్రటి కుచ్చు పువ్వే లెహువా, హూలాలో తలకీ మెడకీ పెట్టుకునే పూలల్లో అన్నిటికంటే పెద్దపీట దానిదే. జబ్బు మొదలయ్యాక చాలా హాలావులు ఆ పువ్వు కోయడం మానేశాయి. పాటలో లెహువా ఉంటుంది, తలలో మాత్రం వేరే ఆకులు ఉంటాయి. ఆయన ఈ మాట చెప్తూ ఒక చెట్టు మొదలు దగ్గర కాసేపు నిలబడిపోయాడు.

గట్టిపడిన లావా మీద మొదట లేచేది కూడా ఈ చెట్టే. నల్లటి రాయి పగుల్లోంచి జానెడు మొక్క, దానికి అప్పుడే రెండు ఎర్ర పూలు. పాప కింద కూర్చుని చాలాసేపు చూసింది, ముట్టుకోలేదు.

కథ ఏంటంటే, పెలె అగ్నిపర్వతపు దేవత, ఈ గొయ్యిలోనే ఉంటుంది. ఆవిడ చిన్న చెల్లెలు హీయాకా, హీయాకా స్నేహితురాలు హోపోయె. పూనా తీరంలో ఈ హోపోయే హీయాకాకి హూలా నేర్పిందని చెప్తారు. అక్క పని మీద హీయాకా దూరం వెళ్ళినప్పుడు పెలె అనుమానంతో కోపం తెచ్చుకుని లావా పంపించి హోపోయెని, ఆ లెహువా తోటల్ని కాల్చేస్తుంది. ఈ ఒక్క కథ మీదే వందల కొద్దీ పాటలున్నాయి. అవి ఎక్కడో పురాణంలో ఉండిపోయినవి కావు, 2018లో అదే పూనా జిల్లాలో లావా ఏడొందల ఇళ్ళ దాకా మింగేసింది, ఆ ఇళ్ళలో పెరిగిన పిల్లలు ఇప్పుడు ఆ పాటలకే నాట్యం చేస్తున్నారు.

గొయ్యి అంచున మేం నిలబడ్డ చోటికి ఒక హాలావు వచ్చింది, ఓ ఇరవై మంది ఆడపిల్లలు, ముందు వాళ్ళ కుము, అంటే గురువు. అందరూ మామూలు బట్టల్లో ఉన్నారు, మేకప్ లేదు, ఎవరూ ఫోన్ తియ్యలేదు. మేం పక్కకి జరిగిపోయాం. ఆవిడ ఒక్కతీ గొంతెత్తి ఓలి మొదలుపెట్టింది, ఓలి అంటే వాద్యం లేకుండా నాట్యం లేకుండా చదివే స్తోత్రం, శ్వాస ఆపకుండా పొడుగ్గా లాగుతూ చివర్లో గొంతు వణికిస్తారు, గాలిలో పొగ వాసన, కింద ఆవిరి లేస్తోంది. తర్వాత పిల్లలందరూ కలిసి జవాబు చెప్పారు. మూడు నిమిషాలు కూడా లేదు. అయిపోగానే వానుల్లో ఎక్కి వెళ్ళిపోయారు.

శుక్రవారం వాళ్ళు పెలె మీద చేస్తారనుకుంటా, అందుకే వచ్చారు అన్నాడు అంకుల్. పాటలో ఏ కొండ పేరు ఉంటే ఆ కొండకి వెళ్ళాలి, ఏ వాన పేరు ఉంటే ఆ వానలో తడవాలి, చూడనిదాన్ని చేతులతో ఎలా చూపిస్తావ్ అని అడిగాడు. హవాయి భాషలో వానలకి వందల పేర్లున్నాయి, ఊరుకో పేరు, కురిసే తీరుకో పేరు. లెహువా పూల మీద గలగలమని పడే హిలో వాన పేరు కనిలెహువా. ఎయిర్‌పోర్టు నుంచి మేం వచ్చిన మెయిన్ రోడ్డు పేరూ అదే!

బుధవారం

పొద్దున సివిక్ ఆడిటోరియంలో చేతిపనుల సంత. టోపీలు, చాపలు, గవ్వల దండలు, ఉక్‌లేలేలు, జనం బాగా ఉన్నారు, అవన్నీ త్వరగా చూసేశాం. కానీ ఒక స్టాల్ దగ్గర గంటకి పైగా ఉండిపోయాం, అక్కడ ఒకావిడ కాపా కొడుతోంది.

కాపా అంటే చెట్టు బెరడుతో చేసే బట్ట. వావుకె అనే చెట్టు లోపలి బెరడుని ఒలిచి, నానబెట్టి, చెక్క దిమ్మ మీద పరిచి, పలకలున్న చెక్క సుత్తితో కొట్టి కొట్టి వెడల్పు చేస్తారు. సుత్తికి నాలుగు వైపులా నాలుగు రకాల గీతలు చెక్కి ఉన్నాయి, ఏ వైపుతో కొడితే ఆ గీతలు బట్టలో దిగుతాయి, వెలుగుకి ఎదురు పట్టుకుని చూస్తే నీటి గుర్తులా లోపల కనిపిస్తాయి. ఆవిడ మా పాప చేతికి సుత్తి ఇచ్చింది. మణికట్టుతో కొట్టు, భుజంతో కాదు అని చెయ్యి పట్టుకుని చూపించింది. నాలుగు వేళ్ళ వెడల్పున్న పట్టీ పాప కొట్టిన కాసేపటికి కొద్దిగా, నిజంగా చాలా కొద్దిగా వెడల్పైంది. ఒక నాట్యానికి చుట్టుకునే బట్ట తయారవ్వాలంటే ఎన్ని వేల దెబ్బలో!

ఆవిడ చెప్పిన మాట ఇంకా బరువైనది. బయటనుంచి నూలు బట్ట వచ్చాక కాపా చేసేవాళ్ళు తగ్గిపోయి, పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి హవాయిలో ఈ పని దాదాపు పూర్తిగా ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళకి చూపించే చేతులు లేవు. హొనొలులు బిషప్ మ్యూజియంలో అద్దాల వెనకున్న పాత కాపాల్ని చూసి, ఎవరో రాసిపెట్టిన నాలుగు ముక్కలు చదివి, సమోవా టోంగా వైపు వాళ్ళు ఇంకా చేస్తున్న పద్ధతి చూసి, తప్పు చేస్తూ దిద్దుకుంటూ ఒక్కొక్క మెట్టూ వెనక్కి కట్టుకుంటూ వెళ్ళారు. వాసన ఎలా ఉండాలి, ఎన్నాళ్ళు నానితే చాలు, ఇవి మ్యూజియం చెప్పదు కదా అంది. హూలా అదృష్టం చేసుకుంది, మాది తెగిపోయి అతుక్కుంది అని కూడా అంది.

హూలా కూడా తెగే దాకా వచ్చిందే. 1820లో మిషనరీలు దిగారు, 1830లో, అప్పటికే క్రైస్తవం తీసుకున్న కాహుమాను రాణి బహిరంగంగా హూలా చెయ్యకూడదని ఆజ్ఞ వేసింది. తర్వాత లైసెన్సులూ రుసుములూ పెట్టారు. ఊళ్ళ చివర, ఇళ్ళ వెనక, పిల్లలకి ముసలమ్మలు నేర్పుతూ ఉండిపోయారు. 1874లో గద్దెక్కిన కలాకావా రాజు దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చాడు. 1883లో పట్టాభిషేకపు వేడుకల్లో హొనొలులు ఇఓలానీ ప్యాలెస్ దగ్గర అందరూ చూస్తుండగా హూలా చేయించాడు, ఆ ప్రోగ్రాం ప్రింట్ చేసినవాళ్ళ మీద అశ్లీలమని కేసు కూడా పెట్టారు. ఆయన లెక్కచెయ్యలేదు, 1886లో తన యాభయ్యో పుట్టినరోజుకి మళ్ళీ చేయించాడు. మెర్రీ మోనార్క్ అంటే ఆ రాజే. 1881లో ప్రపంచమంతా చుట్టివచ్చాడు, ఆ దారిలో కలకత్తా, బొంబాయి కూడా చూశాడు.

మన దగ్గరా ఇలాంటి కథే ఉంది, అందుకే నాకు ఇది వేరే దేశం చరిత్రలా అనిపించలేదు. గుళ్ళలో ఆడిన కళావంతుల నాట్యాన్ని ఇంగ్లీషు చదువుల కాలంలో సిగ్గుపడాల్సిన పని చేశారు, 1947లో ఆడపిల్లల్ని గుళ్ళకి దేవదాసీలుగా అంకితం చెయ్యకూడదని మద్రాసు చట్టం వచ్చింది. ఆ చట్టం ఆపాలనుకున్న అన్యాయం నిజమే, ఆ ఆడవాళ్ళు పడిన బాధ నిజమే, కానీ వాళ్ళ చేతుల్లో ఉన్న విద్య ఎవరిదో ఎటు పోయిందో అడిగినవాళ్ళు తక్కువ. నటరాజ రామకృష్ణ గారు వెతుక్కుంటూ వెళ్ళి, అప్పటికే పెద్దవాళ్ళైపోయిన ఆ నర్తకీమణుల్ని ఒప్పించి వాళ్ళ దగ్గర తీసుకుని ఆంధ్రనాట్యం నిలబెట్టారు. పేరిణి నాట్యాన్ని అయితే రామప్ప గుడి శిల్పాలూ, జాయపసేనాని రాసిన నృత్తరత్నావళి గ్రంథమూ చూసుకుంటూ మళ్ళీ కట్టారు, అంటే కాపా ఆవిడ చేసిన పనే. ఈ మాట ఆవిడకి చెప్తే సుత్తి పక్కన పెట్టి, ఆ గుడి ఫోటో ఉంటే చూపించమంది.

రాత్రి స్టేడియంలో హోయికె, ఇది పోటీ కాదు, ప్రదర్శన, టికెట్ లేదు. జనం మధ్యాహ్నం నుంచే లైన్లో ఉన్నారు. స్టేడియం పేరు ఈడిత్ కనకఓలె, 1979లో పోయిన గొప్ప కుము, 2023లో అమెరికా పావు డాలర్ నాణెం మీద ఆవిడ బొమ్మ వేశారు. తల్లి దగ్గర నేర్చుకుని కూతుళ్ళు పువలానీ, నాలానీలకి ఇచ్చింది, ఆ ఇంటి పద్ధతి ఐహాఅ, మోకాళ్ళు బాగా వంచి నేలకి దగ్గరగా ఉండి, గొంతు గుండెల్లోంచి తెచ్చి చేసేది, పెలె నాట్యం అంటే అలాగే ఉండాలి అంటారు. ఆవిడ కట్టిన ఒక చిన్న స్తోత్రం, పైనుంచి జ్ఞానం దిగిరావాలని అడిగేది, ఇప్పుడు హవాయిలో స్కూళ్ళలో మీటింగుల్లో పని మొదలుపెట్టే ముందు మూడుసార్లు చెప్తారు, ఈ రాత్రి స్టేడియం మొత్తం చెప్పింది, నోరు కదపని మనిషి నాకు కనపడలేదు.

పసిఫిక్‌లోని వేరే దీవులవాళ్ళూ వచ్చారు. తాహితీ వాళ్ళ ఓతెఆ మొదలైతే, బోలు కొయ్యతో చేసిన తోఎరె డ్రమ్ముల వేగానికి నడుము తప్ప ఇంకేం కదలకుండా ఆడతారు, భుజాలు రాయిలా ఉంటాయి. అక్కడా ఇదే గతి, మిషనరీలు వచ్చాక నిషేధం, తర్వాత ఫ్రెంచివాళ్ళు 1881 నుంచి తమ జూలై పండక్కి మాత్రం ఒప్పుకుంటే ఆ సందులోంచే నాట్యం బతికింది. 1956లో మాడెలీన్ మోవా అనే టీచర్ ఒక బృందం కట్టి మర్యాదస్తుల ఇళ్ళ ఆడపిల్లల్ని స్టేజీ ఎక్కించింది. ఆ జూలై పండగే ఇప్పటి హేయివా.

గురువారం

పగలంతా టూటూ గారింట్లో దండలు కట్టాం. వరండా నిండా పాలపలై ఫెర్న్ ఆకులు, తడి గోనెసంచులు, బకెట్లలో పూలు. ఒక నారపట్టీ మీద రెండు ఆకులు పెట్టి, ఒక పువ్వు పెట్టి, రాఫియా దారంతో చుట్టి బిగించి, దాని కాడ మీదికి తర్వాతి ఆకు వచ్చేలా పెట్టడం, మన కదంబం మాల కట్టినట్టే, వేళ్ళకి వెంటనే పట్టుబడిపోయింది. మా అమ్మ దగ్గర నేర్చుకున్న ముడి వేస్తుంటే టూటూ గారు నా చెయ్యి ఆపి, మళ్ళీ వెయ్యి చూస్తా అన్నారు. ఆవిడా నేర్చుకున్నారు. డాన్సు అయిపోయాక ఈ దండల్ని చెత్తబుట్టలో వెయ్యరు, తీసుకెళ్ళి అడవిలోనో చెట్టు మొదట్లోనో పెట్టేస్తారు.

కట్టేటప్పుడు మాటల్లో భాష సంగతి వచ్చింది. 1893లో రాణి లిలియువోకలానీని దింపేశారు, 1896లో స్కూళ్ళలో పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పాలని చట్టం తెచ్చారు, 1898లో అమెరికా కలిపేసుకుంది. టూటూ గారి అమ్మమ్మకి హవాయి మాట్లాడినందుకు స్కూల్లో దెబ్బలు పడ్డాయట, అందుకని ఆవిడ తన పిల్లలతో ఆ భాష మాట్లాడలేదు. మాట్లాడితే నా పిల్లల్ని కొడతారు అని. అలా ఒక్క తరంలో ఇంటి భాష ఇంట్లోంచి వెళ్ళిపోయింది. 1980ల మొదట్లో చూసుకుంటే పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్లో హవాయి మాట్లాడేవాళ్ళు యాభై మంది కూడా లేరు, అదీ ఎక్కువగా నీఇహావు అనే చిన్న దీవిలో.

ఇక్కడ హూలా చేసిన మేలు పెద్దది. హూలాలో మాటే ముందు, మేలే, అంటే పాట, లేకుండా అడుగు లేదు. నాట్యం ఆగని చోట పాటలు నోటికి ఉండిపోయాయి, అర్థం పూర్తిగా తెలియని మనవళ్ళకి కూడా ఊళ్ళ పేర్లు, గాలుల పేర్లు, పూర్వీకుల పేర్లు వరసగా వచ్చు. డెబ్బైల్లో మేలుకొలుపు వచ్చింది, 1976లో హోకూలేఆ అనే జంట పడవ దిక్సూచి లేకుండా నక్షత్రాల్ని చూసుకుంటూ తాహితీ చేరింది, దారి చూపించింది సతావల్ దీవి నుంచి వచ్చిన మావు పియాయిలుగ్, ఎందుకంటే హవాయిలో అప్పటికి ఆ విద్య తెలిసినవాళ్ళు మిగల్లేదు. 1978లో హవాయి భాష రాష్ట్ర అధికార భాష అయింది, 1984లో పూనానా లెఓ అనే పసిపిల్లల బడులు మొదలయ్యాయి, అక్కడ టీచర్లూ పిల్లలూ అంతా హవాయిలోనే మాట్లాడాలి, 1987లో సర్కారు స్కూళ్ళలోకి వచ్చింది. టూటూ గారి మనవరాలు ఆ బడిలో చదివిన పిల్లే. ఆ పిల్ల చిన్నప్పుడు ఒకరోజు నిద్రలో హవాయిలో ఏదో కలవరించిందని టూటూ గారు చెప్పారు, చెప్తుంటే కళ్ళు తడిసిపోయాయి, నాకూ ఆగలేదు.

సాయంత్రం మిస్ అలోహా హూలా పోటీ. మాకు ఈ రోజుకి టికెట్లు లేవు, టీవీలో చూశాం, హవాయిలో చాలా ఇళ్ళు ఇలాగే చూస్తాయి. హాల్లో ఇరవై మంది, చాపల మీద పిల్లలు, పోయి అనే చామదుంప ముద్ద గిన్నెలు చేతులు మారుతున్నాయి. పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ మధ్య పెళ్ళికాని అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చి ముందు ఓలి చదవాలి, పాత పద్ధతి కహికో చెయ్యాలి, తర్వాత పాటా వాద్యాలతో కొత్త పద్ధతి ఆవనా. భాష బాగా పలికినవాళ్ళకి వేరే బహుమతి ఉంది.

నాకు పోటీ కంటే ఆ హాల్లో మాటలు బాగా నచ్చాయి. ఒక అమ్మాయి అడుగు పెట్టగానే ఒక అంకుల్ అన్నాడు, ఇది ఫలానా ఆవిడ అడుగు, చూడు మడమ. ఇంకో ఆంటీ కాదు ఆవిడ చెల్లెలి దగ్గరది అంది. ఇద్దరూ ముప్పై ఏళ్ళ కింద పోయిన గురువుల పేర్లు తీసి వాదించుకున్నారు. టీవీలో ఉన్నది ఇరవై ఏళ్ళ పిల్ల, వీళ్ళకి ఆ మడమలో ముగ్గురు ముసలమ్మలు కనిపిస్తున్నారు. మా పాప నా చెవిలో "అమ్మా, మన గురువుగారి గురువు ఎవరు?" అంది. ఆ పేరు చెప్పగలిగాను. "వాళ్ళ గురువు?" అంది. నాకు రాలేదు.

శుక్రవారం

కహికో రాత్రి. టూటూ గారి చుట్టం ఒకావిడ తన ఇంటి టికెట్లలోంచి రెండు మాకు ఇచ్చింది, ఇక్కడ ఇవి దొరకడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకి ఆ రెండు టికెట్ల విలువ తెలుస్తుంది. స్టేడియానికి కప్పు ఉంటుంది గానీ పక్కలు తెరిచే, లోపలికి తడిగాలి, ఫెర్న్ వాసన, అల్లం పువ్వు వాసన.

కుము కింద కూర్చుని ఇపు హెకె ముందు పెట్టుకుంటుంది. రెండు ఎండు సొరకాయ బుర్రలు ఒకదాని మీద ఒకటి అతికించిన వాద్యం అది, నేలమీద మెత్త వేసి దాని మీద దించితే ఒక శబ్దం, వేళ్ళతో పక్కన కొడితే ఒక శబ్దం, వాటికి ఊ, తే అని పేర్లు. ఊ తే, ఊ తే తే. మా పాప వెంటనే మోకాలి మీద తాళం వేసుకుంటూ, నట్టువాంగంలో తత్ తై అన్నట్టే ఉంది కదా అంది. కొన్ని బృందాలకి పాహు, కొబ్బరి మొద్దు తొలిచి సొరచేప చర్మం బిగించిన పెద్ద డప్పు. చేతుల్లో నున్నటి ఏటిరాళ్ళు రెండేసి పెట్టుకుని టకటకలాడిస్తూ ఒక బృందం కూర్చునే చేసింది, అందరి రాళ్ళూ ఒకే క్షణంలో మోగుతున్నాయి.

నేను బాగా దగ్గరగా చూసింది ఒక మగపిల్లల బృందం. లోపలికి వచ్చే నడకకి కూడా మార్కులుంటాయి, వెళ్ళిపోయే నడకకీ ఉంటాయి. పెద్ద పెద్ద మనుషులు, పచ్చటి ఆకులు తలకీ మణికట్లకీ కాళ్ళకీ కట్టుకుని, ఒకేసారి కిందకి వంగితే స్టేజీ చెక్కలు మోగాయి. ఒక చరణం అయిపోగానే వాళ్ళలో ఒకడు తర్వాతి చరణం మొదటి మాట గట్టిగా అందిస్తాడు, గురువు దాన్ని అందుకుంటాడు, అంటే ఆడేవాడికి ప్రతి మాటా తెలిసి ఉండాలి, వెనక ఎవరో పాడతారు నేను ఆడతాను అంటే కుదరదు. చివర్లో అందరూ ఒక్క గొంతుతో ఈ పాట ఎవరిదో ఆ పేరు చెప్పి ఆపారు. ఆ పేరు కలాకావా. జనం లేచి నిలబడ్డారు, నేనూ లేచాను, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

పక్క సీట్లో కూర్చున్న ఒక పాత నర్తకి నాకు చాలా సంగతులు చెప్పింది. ప్రతి హాలావూ పోటీకి ముందే జడ్జిలకి కాగితాలు ఇవ్వాలట, ఈ మేలే ఎవరు కట్టారు, ఎవరి దగ్గర నుంచి మాకు వచ్చింది, అర్థం ఏంటి, ఈ రంగు బట్ట ఎందుకు, ఈ ఆకు ఎందుకు, అన్నీ రాసి. అందంగా ఆడితే సరిపోదు.

మగవాళ్ళ హూలా ఇలా నిలబడటం వెనక మైకి ఐయు లేక్ అనే కుము ఉంది. డెబ్బైల్లో ఆవిడ ఒక పని చేసింది, పిల్లలకి నాట్యం నేర్పి ఊరుకోకుండా, కుములు అవ్వడానికని క్లాసులు పెట్టి, కఠినంగా చదివించి, దీక్ష ఇచ్చి పంపించింది, అందులో ఒకడు రాబర్ట్ కజిమెరో, మగపిల్లల హాలావు పెట్టమని ఆవిడే ప్రోత్సహిస్తే 1975లో మొదలుపెట్టాడు. అప్పటికి హూలా అంటే బయటివాళ్ళకి వైకీకీ బీచ్ దగ్గర టూరిస్టులు ఫోటోలు తీసుకోవడానికని 1937 నుంచి నడిచిన ఆట, రంగు కాగితాల గడ్డి లంగాలు. ఆ గడ్డి లంగా అసలు హవాయిది కూడా కాదు, గిల్బర్ట్ దీవుల నుంచి వచ్చినవాళ్ళతో వచ్చింది. ఇప్పుడు కుములైన చాలామంది ఏదో ఒక దారిలో మైకి గారి దాకా వెళ్తారట.

నేను ఈ యాత్రలో గట్టిగా నమ్ముకుని వచ్చిన విషయం ఇదే. మనం ఎంతమంది పిల్లలు నేర్చుకుంటున్నారని లెక్కేసుకుని సంతోషపడతాం, అమెరికాలో ప్రతి ఊళ్ళో కూచిపూడి క్లాసుంది, రంగప్రవేశాలు ఘనంగా అవుతున్నాయి, హాలు, కేటరింగు, ఫోటోలు, తర్వాత పిల్ల కాలేజీకి వెళ్ళిపోతుంది, గజ్జెలు డబ్బాలోకి వెళ్తాయి. ఆ పిల్లల్లో నేర్పడానికి తయారైనవాళ్ళు ఎంతమంది అని ఎవరం అడగట్లేదు. కూచిపూడి ఊళ్ళో కొన్ని ఇళ్ళ మగవాళ్ళే ఆడిన కాలం నుంచి వెంపటి చినసత్యం గారు ఆడపిల్లల్ని తయారుచేస్తే ఈ రోజు మన ఇళ్ళ దాకా వచ్చింది, ఆయన తయారుచేసింది నర్తకుల్ని మాత్రమే కాదు, గురువుల్ని. వాళ్ళు లేకపోతే శాన్ హోసేలో మా పాపకి క్లాసే లేదు. భాష విషయం ఇంకా కష్టం, భామాకలాపం ఆడే మన పిల్లల్లో సత్యభామ ఏమంటోందో తెలుగులో తెలిసి ఆడేవాళ్ళు ఎందరు? ఇక్కడ తర్వాతి చరణం మాట నర్తకుడే అందించాలి అనే ఒక్క నియమం చూస్తే, మన క్లాసుల్లో కూడా పెట్టొచ్చు కదా అనిపించింది. ఆడే పిల్లే పాడి చూపించాలి, ఆడే పిల్లే అర్థం చెప్పాలి. దానికి డబ్బు అక్కర్లేదు.

శనివారం

పొద్దున ఊరేగింపు. హిలో పాత వీధుల్లో గుర్రాల మీద ఆడవాళ్ళు, ఒక్కో దీవికి ఒక్కో రంగు పూలదండలు గుర్రం మెడ నిండా, స్కూల్ బ్యాండులు, ఫైరింజన్లు, వాన వచ్చి ఆగి మళ్ళీ వచ్చింది.

రాత్రి ఆవనా, గిటార్లూ ఉక్‌లేలేలూ, పొడుగు గౌన్లు, నవ్వులు. ఉక్‌లేలే పోర్చుగీసు వాళ్ళతో వచ్చింది, 1879లో మదీరా నుంచి చెరుకు తోటల కూలీలు ఓడ దిగారు, వాళ్ళ చేతుల్లో ఉన్న చిన్న గిటారే ఇది అయింది. టికెట్లు లేక ఇది కూడా టీవీలోనే. నాకు నిన్నటి రాత్రే ఎక్కువ నచ్చింది, పాపకి ఈ రాత్రి. టూటూ గారి కజిన్ మనవరాలి బృందానికి ఈసారి బహుమతి రాలేదు, అర్ధరాత్రి దాటాక ఆ పిల్ల ఇంటికి వచ్చి, తల మీద దండ జాగ్రత్తగా తీసి తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, అన్నం తిని పడుకుంది. పొద్దున్నే కుము గారు వాళ్ళని అడవికి తీసుకెళ్తున్నారు, ఆకులు తిరిగి ఇచ్చేసి రావడానికి.

ఆదివారం

ఫ్లైట్ మధ్యాహ్నం. టూటూ గారు రెండు ఏటిరాళ్ళు తీసి పాప చేతిలో పెట్టి, వీటిని ఇవ్వను, ఎక్కడివి అక్కడే ఉండాలి, కానీ ఒకసారి మోగించు అన్నారు. నాలుగు అడుగులు చూపించారు కూడా, కాహోలో, పక్కకి జరుగుతూ వేసేది. ఈ అడుగు ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు, నాకు మా పిన్ని నేర్పింది, ఆవిడ పేరూ చెప్పు అని రెండు పేర్లూ పలికించారు. రాయొద్దని ఆవిడ అనలేదు గానీ ఆ పేర్లు నేను ఇక్కడ రాయట్లేదు, అవి పాప నోటితో చెప్పాల్సినవి.

హొనొలులులో ఫ్లైట్ మారేటప్పుడు రెండు గంటలు ఖాళీ ఉంది. పాప వాళ్ళ కూచిపూడి గురువుగారికి ఫోన్ చేసింది. "ఆంటీ, మీ గురువుగారికి ఎవరు నేర్పారు? వాళ్ళకి ఎవరు?" అని అడిగింది. అవతల ఆవిడ కాసేపు మాట్లాడలేదు, తర్వాత నవ్వి, ఇన్నేళ్ళలో ఈ మాట అడిగిన మొదటి పిల్లవి నువ్వే అమ్మా, వచ్చే క్లాసుకి ఒక గంట ముందు రా, ఒక నోట్‌బుక్ తెచ్చుకో, మీ బ్యాచ్ పిల్లల్ని కూడా రమ్మను అన్నారు. పాప వెంటనే వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. మేం శాన్ హోసేలో దిగేసరికి ఐదుగురు వస్తామన్నారు.